ఫైనాకు అరువిచ్చిన ముఖం

నివెస్ ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు. ఆమె ఉద్యోగం మాత్రం నెలకొకరిని చంపడం. బొమ్మల్లోనే లెండి. జేబులో పట్టేంత పుస్తకం, నల్ల అట్ట, అట్ట మీద రెండు పసుపు కళ్లు, కింద పేరు: ఫైనా. ఫైనా అంటే కోళ్ల గూళ్లలో దూరే జంతువు, మన మానుపిల్లికి వరసకు తమ్ముడు. దాని ఆకలి ఒక్క కోడితో తీరిపోతుంది. కానీ గూట్లో రెక్క కొట్టుకున్న ప్రతి కోడినీ చంపితే తప్ప బయటికి రాదు. ఆ జంతువు ముసుగు వేసుకుని మిలాన్ ఇళ్ల కప్పుల మీద తిరుగుతూ, పాత పాపాలు దాచుకున్న పెద్దమనుషుల పని పట్టి, వాళ్ల నగలు మూట కట్టుకుని, శవం మీద ఒక కోడి ఈక పెట్టి పోయే దొంగ కథ అది. ఆ పుస్తకాలు తగలబెట్టాలని బడిపంతుళ్లు పత్రికల్లో రాశారు. చర్చిలో ఫాదర్ దాని పేరెత్తకుండానే కడుపారా తిట్టాడు. ఆ సాయంత్రానికి పేటలోని పొగాకు కొట్లో ఒక్క కాపీ మిగల్లేదు. తిట్టడం కూడా తెలిసి తిట్టాలి.

కథ రాసేది సంపాదకుడు కొర్బెట్టా. బొమ్మలన్నీ నివెస్ వేస్తుంది. నెలకొక పుస్తకమంటే మాటలు కాదు. ఊహించి గీసిన ముఖం నాలుగు పేజీలు తిరిగేసరికి మారిపోతుంది. ముక్కు సాగుతుంది, గడ్డం కుదించుకుపోతుంది, విలన్ కాస్తా వాడి తమ్ముడిలా తయారవుతాడు. అందుకని ఆ పనిలో ఉన్నవాళ్లంతా ఒక కిటుకు పాటిస్తారు. బాగా తెలిసిన మనిషి ముఖం తీసుకుంటారు. తెలిసిన ముఖాన్ని పక్కనుంచి, కిందనుంచి, చీకట్లోంచి ఎలాగైనా గీయొచ్చు, చెయ్యి తడబడదు. దీన్ని వాళ్లు ముఖం అరువు తీసుకోవడం అంటారు. అడిగి తీసుకునే అరువు కాదు, చూసి తీసుకునేది.

నివెస్ ఉండే ఇల్లు కాలువ పక్కన, టిచినీస్ ద్వారం పేటలో. మధ్యలో ముంగిలి, చుట్టూ నాలుగు అంతస్తులు, ప్రతి అంతస్తుకీ ఇనుప కటకటాల వసారా. ఒకరి వంటింట్లో ఉల్లిపాయ మాడితే అందరికీ తెలిసిపోయే కొంప. ముఖాలకు అక్కడ కొదవేముంది? చేపలమ్మే ఇనెస్‌ను ఆమె ఒక సంచికలో మొగుళ్లకు విషం పెట్టే దొరసానిగా వేసింది. ఇనెస్ కోప్పడలేదు సరికదా, పుస్తకం దుకాణంలో మంచుగడ్డల పక్కన నిలబెట్టి, బేరమాడేవాళ్లతో, "నాతో పెట్టుకోకండి, నేనెవరో చూశారుగా!" అనేది. సున్నం వేసే లుయీజీ అయితే తనను ఎప్పుడు చంపుతావని మెట్ల మీద కనపడ్డప్పుడల్లా అడిగేవాడు. అందువల్ల గౌడెంజియో ముఖం తీసుకున్నప్పుడు ఆమె పెద్దగా ఆలోచించలేదు. జ్వరంతో వారం పోయింది, కొర్బెట్టా రోజూ కబురు పెడుతున్నాడు, చేతికి అందిన ముఖం తీసుకుంది.

గౌడెంజియో గొడుగులు బాగుచేసేవాడు. సింహద్వారం కింద చిన్న గదిలో అతని పనీ పడకా అన్నీ. గుబురు కనుబొమలు, వంగిన ముక్కు, గొడుగు పిడుల్లాంటి చెవులు. నివెస్ నాన్న అట్టీలియోను జర్మన్లు పట్టుకుపోయిన చలికాలంలో ఆ పిల్లకు ఉడికిన చెస్ట్‌నట్‌లు తెచ్చి తినిపించింది అతనే. ఏడుపొచ్చినప్పుడల్లా అతని గదిలో కూర్చుని, ఆ ముఖం చూస్తూ పెరిగింది. అంత ప్రేమగా చూసిన ముఖం కనుకనే అంత బాగా గీయగలిగింది. ఏం లాభం?

ఆ నెల కథలో దుర్మార్గుడు ఒక నోటరీ. యుద్ధంలో ఇరుగుపొరుగు మగవాళ్లను జర్మన్లకు పట్టించి, ఇరవై ఏళ్లుగా పెద్దమనిషిలా బతుకుతుంటాడు. ఫైనా అతణ్ణి కాలువ తూము దగ్గర పట్టుకుని నీళ్లలో ముంచేస్తాడు. నీటి మీద ఈక తేలుతుంది. కథ సమాప్తం.

ఆ ఇంటి సింహద్వారం గోడ మీద ఒక పాలరాతి పలక ఉంది. దాని మీద మూడు పేర్లు. అట్టీలియోది, సిన్యోరా జైరా, అంటే జైరా అమ్మగారి, భర్తది, రెనాటో అనే కుర్రవాడిది. ముగ్గురూ కింది నేలమాళిగలో రహస్యంగా కరపత్రాలు అచ్చువేసేవారు. ముగ్గురినీ పట్టుకుపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఎవరు పట్టించారో తేలలేదు. ఏటా ఆ రోజున పలకకు ఆకుల దండ వేసి, ఇంట్లోవాళ్లంతా కింద నిలబడతారు. నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇరవై ఏళ్లుగా చూసుకుంటూనే ఉన్నారు.

ఇది నివెస్‌కు తెలియదా అంటే తెలుసు. బొమ్మ వేసేటప్పుడు గుర్తు రాలేదా అంటే, రాలేదు. పనిలో మునిగిన మనిషికి ముక్కూ చెవులే కనిపిస్తాయి.

పుస్తకం వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, ఆమె వసారాలో బట్టలు ఆరేస్తుంటే సిన్యోరా జైరా ఎదురుగా వచ్చి నిలబడింది. ముసలావిడ చేతిలో పుస్తకం ఉంది.

"ఇలా రావే పిల్లా" అని నివెస్ తడిచెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఏంటి సిన్యోరా తెలిసేది?"

"సర్లే. నోటితో చెప్పలేకే కదా బొమ్మలో పెట్టావు. మీ నాన్న తెలివి ఎక్కడికి పోతుంది! వాడెవడో తెలీకుండానే పోతానేమోనని భయపడి చచ్చానే. ఇంక నాకు బెంగ లేదు."

అలా అంటూ కటకటాల మీంచి కిందికి చూసింది. కింద తన గది ముందు స్టూలు మీద కూర్చుని గౌడెంజియో ఒక నల్లగొడుగు పుల్లలు సరిచేస్తున్నాడు. ఆ చూపు చూశాక నివెస్‌కు విషయం అర్థమైంది.

"సిన్యోరా, అది ఉత్త ముఖం! చేపల ఇనెస్‌ది వేశాను, లుయీజీది వేస్తానన్నాను, అలాగే ఇదీ. ఆయనకేం సంబంధం లేదు, ప్రమాణంగా చెప్తున్నా."

"అంతేనమ్మా, అంతే." ముసలావిడ ఆమె చెంప తట్టింది. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

ఆ తరువాత నివెస్ ఇల్లిల్లూ తిరిగింది. అది బొమ్మేనని, పని కిటుకేనని, గౌడెంజియో బాబాయి తనకు తండ్రిలాంటి వాడని చెప్పని మనిషి లేడు. చెప్పిన ప్రతిచోటా బుర్రలు ఊపారు. ఇనెస్ అయితే నవ్వు మానేసి గొంతు తగ్గించి, "అట్టీలియో కూతురు ఊరికే ఎందుకు వేస్తుంది చెప్పు? ఇంకోళ్లు వేస్తే బొమ్మే అనుకుందుం" అంది. నివెస్ కాదన్నకొద్దీ జనానికి అది నిజమనే నమ్మకం కుదిరింది. ఇలాంటివాళ్లతో వాదించడంకన్నా కాలువలో దూకడం నయం. అబద్ధం చెప్పినా నమ్మేవాళ్లు, నిజం చెబితే కన్నుగీటుతారు.

బాగుచేయమని ఇచ్చిన గొడుగులు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకుపోయారు. వానాకాలంలో, విరిగిన గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ పోయారు. కాఫీ హోటల్లో గౌడెంజియో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. ఒక ఉదయం అతని గది గుమ్మం మీద కోడి ఈక కనిపించింది. మర్నాడు మరొకటి. తరువాత లెక్కపెట్టడం మానేశారు.

నివెస్ అతని దగ్గరికి వెళ్లి గుమ్మంలోనే ఏడ్చేసింది.

"ఏడుస్తావేం తల్లీ, కూర్చో" అన్నాడు గౌడెంజియో. పుస్తకం చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "నా ముక్కు మరీ ఇంత వంకరా?"

"నవ్వొద్దు బాబాయ్. అందర్నీ పిలిచి చెప్పు, నేను కాదని గట్టిగా చెప్పు. నువ్వెందుకు మాట్లాడవు?"

ఆయన పుస్తకం మూసి, గొడుగు బట్ట మోకాళ్ల మీద పరుచుకున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

"నేను కాదంటే, మరెవరు అంటారు" అన్నాడు. "వద్దులే. నాలుగు వానలు పడితే వాళ్లే మర్చిపోతారు."

వానలు పడుతూనే ఉన్నాయి. ఎవరూ మర్చిపోలేదు.

ఒట్టోరీనో ఆ పలక మీది రెనాటోకు తమ్ముడు. కబేళాలో ఎడ్ల తొడలు భుజాన మోసే మనిషి. ఎంత పెద్ద మనిషో అంత మెత్తటి గొంతు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఒక సాయంత్రం నివెస్ కాలువ గట్టు మీదుగా వస్తుంటే అతను టోపీ తీసి పక్కకు తప్పుకుని, ఆమెతో పాటు నడవడం మొదలుపెట్టాడు.

"నీతో ఒక మాట అడగాలి నివెస్. ఏమనుకోకు."

"అడుగు."

"పుస్తకంలో తూము దగ్గర ముంచాడు కదా. అది మన తూమేనా, అవతలి వంతెన దగ్గరిదా? బొమ్మలో రెండు దీపస్తంభాలు వేశావు. మన తూము దగ్గర ఒకటే ఉంది." అతను నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు. "నువ్వెక్కడంటే అక్కడే. పలక మీద మీ నాన్న పేరు కూడా ఉంది కదా. నీ మాట ప్రకారం జరగాలి."

నివెస్ కాళ్లు ఆగిపోయాయి. పక్కన కాలువ నీళ్లు నల్లగా కదులుతున్నాయి.

"ఒట్టోరీనో, నీకు మతి పోయిందా? అది కథ! ఆయన ఏమీ చెయ్యలేదు."

"నువ్వు ఆడపిల్లవి. నిన్నెవరూ అడగరు. పోలీసులొచ్చినా నీ పేరు రాదు, అమ్మ మీద ఒట్టు." అతని గొంతులో ఓదార్పు ఉంది. "ఆదివారం ఆయన సారాకొట్టు నుంచి ఆ గట్టు మీదుగానే వస్తాడు."

అప్పుడు ఆమెకు ఒకే ఒక్క దారి కనిపించింది. అది దారో గొయ్యో చూసుకునే తీరిక లేదు.

"ఆగు" అంది. "కథ పూర్తి కాలేదు. వచ్చే సంచికలో మిగతాది ఉంది. అసలువాడు నోటరీ కాదు, వేరేవాడు. అది వచ్చేదాకా ఆయన మీద చెయ్యి వెయ్యకు."

ఒట్టోరీనో ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత టోపీ పెట్టుకున్నాడు.

"అదీ సంగతి. నేననుకున్నా, ఇంత చిన్నగా అయిపోదని. సరే, వచ్చేదాకా ఆగుతాం. కానీ ఈసారి ముఖం స్పష్టంగా వెయ్యి నివెస్."

మర్నాడు ఆమె కొర్బెట్టా కాళ్లావేళ్లా పడనక్కర్లేకపోయింది. నోటరీ నీళ్లలోంచి బతికి బయటపడతాడు, నిర్దోషి అని తేలుతుంది, ఫైనా అసలు ద్రోహిని వెతుక్కుంటూ వెళ్తాడు అని చెప్పగానే అతను కుర్చీలోంచి లేచాడు.

"శవం చూపించలేదుగా మనం! నేనెప్పుడూ శవం చూపించొద్దంటాను, ఇందుకే. బ్రహ్మాండం. ద్రోహి ఎవరు? కార్మికుడైతే బాగుంటుంది, జనానికి చురుక్కుమంటుంది. పట్టుబడ్డవాళ్లలో ఒకడే మిగతావాళ్లను పట్టించాడనుకో, ఎలా ఉంటుంది?"

"మీ ఇష్టం" అంది నివెస్. కథ ఎటు పోయినా ఆమెకు పట్టలేదు. గౌడెంజియో ముఖం కడిగినట్టు బయటపడితే చాలు.

కష్టం బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది. ద్రోహికి ఒక ముఖం కావాలి. ఎవరిదీ కాని ముఖం గీయాలనుకుంది. గుండ్రటి ముఖం గీస్తే పొగాకు కొట్టు యజమానిలా వచ్చింది. మీసం పెడితే లుయీజీ. మీసం తీసి బట్టతల చేస్తే ఫాదర్. కళ్లు దగ్గరగా పెడితే రొట్టెల కొట్టు ముసలాయన. ఏ గీత గీసినా ఆ కొంపలో ఎవరో ఒకరి చెంపకు తగులుతోంది. అంతకు ముందెప్పుడూ ఆమె తన కుంచెకు భయపడలేదు. ఇప్పుడు తడి కుంచె తుడిచి పక్కన పెట్టేసింది. ఎవరి పోలిక ఉన్నా వాళ్లు ఇక ఆదివారం గట్టు మీద నడవలేరు. తనకు తెలిసిన ముఖాలన్నీ బతికున్నవాళ్లవే.

ఒక్కటి తప్ప.

ఆ ఆలోచన వచ్చినప్పుడు ఆమె లేచి నీళ్లు తాగింది. కిటికీ తెరిచింది, మూసింది. చచ్చిపోయినవాణ్ణి ఎవరూ నీళ్లలో ముంచలేరు. నాన్నకు తప్ప ఇంకెవరికీ ఆ ముఖం లేదు. పైగా ఇంత అన్యాయాన్ని నమ్మేదెవరు? సొంత తండ్రి ముఖాన్నే ద్రోహికి పెట్టిందంటే, ముఖాలు ఉత్త అరువేనని చివరికి ఈ మొద్దుబుర్రలకు ఎక్కుతుంది. నవ్వుకుంటారు, గొడుగులు తెచ్చి ఇస్తారు. నాన్న ఉంటే, వేసుకో తల్లీ, నాకేం నొప్పా అనేవాడు. ఆమె తనకు తాను అలా నచ్చజెప్పుకుంది, నమ్మింది కూడా.

తొమ్మిదేళ్లప్పుడు చూసిన ముఖం. అయినా కుంచె పెట్టగానే పరుగెత్తుకొచ్చింది. ఎడమ కనుబొమ పైకెత్తి వినడం, పై పెదవి మీద చిన్న మచ్చ, టోపీ వెనక్కి తోసుకోవడం. గీస్తున్నంతసేపూ ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ కొద్ది రోజులూ నాన్న పక్కనే ఉన్నట్టు అనిపించింది. అంతకన్నా మంచి బొమ్మలు ఆమె అంతకు ముందూ వేయలేదు, ఆ తరువాతా వేయలేదు.

అచ్చుకు ఇచ్చే ముందు అమ్మకు చూపించాలి కదా. అమ్మ అడాల్జీసా ఆ వీధిలోనే కోళ్ల దుకాణంలో ఈకలు పీకే పని చేస్తుంది. సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని, వంటింట్లో కూర్చుంది. నివెస్ బొమ్మలన్నీ బల్ల మీద పేర్చి, ఒట్టోరీనో సంగతి, గౌడెంజియో సంగతి, ఈ ముఖం సంగతి గబగబా చెప్పేసింది.

"నీకు కష్టంగా ఉంటుందని తెలుసమ్మా. కానీ మనిషి ప్రాణం. నాన్న ఏమీ అనుకోడు."

అడాల్జీసా బల్ల దగ్గరికి జరిగింది. ఒక్కొక్క బొమ్మా తీసి చూస్తోంది. ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. కొర్బెట్టా రాసింది రాసినట్టు వేసిన పేజీ. తెల్లవారుజామున మోటారు కారు వచ్చి ఆగుతుంది. ద్రోహి లోపలినుంచి వేలెత్తి తలుపులు చూపిస్తాడు.

"గౌడెంజియో చెప్పాడా నీకు?" అంది అమ్మ.

"ఏంటి?"

"చెప్పనని సిలువ ముందు నాకు మాటిచ్చాడు. ఇన్నేళ్లు ఉండి ఇప్పుడు చెప్పాడా ముసలాడు?"

బయట వసారాలో ఎవరో చెప్పుల చప్పుడు చేసుకుంటూ పోయారు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"అమ్మా, ఇది కొర్బెట్టా కల్పించి రాసింది. నాకేం తెలీదు. బాబాయి నాకేం చెప్పాలి?"

అడాల్జీసా కూతురి ముఖం చూసింది. నోరు జారానని అప్పుడు తెలుసుకుంది. ఇక వెనక్కి తీసుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

"మీ నాన్నను ముందురోజే కార్ఖానాలో పట్టుకున్నారు. ఆయన్ని ఎవరు పట్టించారో ఆ దేవుడికే తెలియాలి. తెల్లారుజామున మోటారు వస్తే నేను వసారాలోకి వచ్చాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మీ నాన్న మోటారులో ఉన్నాడు. ఒక చేతికి గుడ్డ చుట్టారు, నెత్తురుతో తడిసిపోయింది. రెండో చేత్తో జైరా తలుపు చూపించాడు. తర్వాత రెనాటో వాళ్లది. తర్వాత నాకేసి చూశాడు." అడాల్జీసా బొమ్మల అంచులు సరిచేసింది. "కింద గౌడెంజియో గది తలుపు సందులోంచి చూశాడు. నేను చూడ్డం కూడా చూశాడు. పిల్లదానికి తెలియకూడదు అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు."

"ఆయన్ని కొట్టారు కదమ్మా. హింసపెట్టారు."

"ఆ సంగతి జైరాకు చెప్పు. రెనాటో వాళ్లమ్మకు చెప్పు. ఏటా ఆ రోజు ఇక్కడికే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేది, పోయేదాకా."

నివెస్ అమ్మ చేతులకేసి చూసింది. ఎంత కడిగినా గోళ్ల మూలల్లో చిన్న చిన్న ఈకలు అంటుకుని ఉంటాయి.

"అమ్మా. బాబాయి గుమ్మంలో ఈకలు..."

"మొదటిది నేనే పెట్టాను" అంది అడాల్జీసా. "మిగతావి ఎవరు పెట్టారో నాకు తెలీదు. నీ పుస్తకం వచ్చిన రోజు, ఇన్నేళ్లలో మొదటిసారి కంటినిండా నిద్రపోయానే. అందరూ ఆయన వైపు చూస్తుంటే, మన తలుపు వైపు ఎవరూ చూడరుగా అనుకున్నాను. ఆయన నోరు మెదపడని నాకు తెలుసు. నేను చెడ్డదాన్నే. తిట్టు."

నివెస్ తిట్టలేదు. తిట్టడానికి కోపం సరిపోలేదు, ఏడవడానికి జాలి సరిపోలేదు. ఇన్నాళ్లూ ముసుగు వేసి తాను గీసిన జంతువు తన వంటింట్లో, తన ఎదురుగా కూర్చుని ఉంది. దానికి అమ్మ ముఖం ఉంది, అదీ భయపడుతూనే ఉంది. అమ్మను కావలించుకోవాలో ఆ గదిలోంచి పారిపోవాలో ఆమెకు తెలియలేదు.

"ముఖం మార్చు" అంది అమ్మ, బొమ్మల మీద చెయ్యి పెట్టి. "ఇంకెవరిదైనా పెట్టు."

"ఎవరిది పెట్టమంటావు?"

"ఎవరిదో ఒకరిది."

"పేరు చెప్పు. నువ్వు చెప్పినవాళ్లది పెడతాను. ఒట్టోరీనో వాళ్ల దగ్గరికి వెళ్తాడు."

అడాల్జీసా నోరు తెరిచింది. ఎదుటి వసారాలో ఇనెస్ పాటేదో పాడుకుంటూ గచ్చు తుడుస్తోంది. లుయీజీ పిల్లల మీద అరుస్తున్నాడు. కింద గౌడెంజియో దగ్గుతున్నాడు. ఆమె చాలాసేపు అవన్నీ వింది, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఉదయాన్నే నివెస్ బొమ్మలు చంకన పెట్టుకుని ట్రాము ఎక్కింది. నిన్నటిదాకా అది అరువు ముఖం, అబద్ధం, నిశ్చింతగా ఇచ్చేసేది. ఇప్పుడు అది నిజం. దారిపొడుగునా దిగిపోదామనుకుంది. కాలువ తూము దాటుతున్నప్పుడు మాత్రం కిటికీలోంచి చూడలేకపోయింది. గౌడెంజియో వంగి వంగి నడిచే నడక గుర్తొచ్చి, కొర్బెట్టా బల్ల మీద బొమ్మలు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

పుస్తకం విడుదలైన రోజు కొంపంతా చడీచప్పుడు లేకుండా ఉంది. ఎవరూ నవ్వుకోలేదు. ఎవరూ వసారాలోంచి కేకవేయలేదు. సాయంత్రం ఒట్టోరీనో తలుపు తట్టాడు. కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టాడు. అడాల్జీసా పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"పోయినసారి నువ్వు బొమ్మే అన్నావు, నేను నమ్మలేదు" అన్నాడు. "ఈసారి నువ్వేమంటే అది నమ్ముతాను. ఇది బొమ్మా, నిజమా?"

ఒక్క మాట చాలు. ఉత్త ముఖమే, ఒట్టోరీనో, అరువు ముఖం అంటే చాలు. నాన్న పేరు పలక మీద ఉంటుంది. అమ్మ రేపు కూడా ఇనెస్‌తో మాట్లాడుతుంది. ఒట్టోరీనో మళ్లీ మొదటి పుస్తకం దగ్గరికి, మొదటి ముఖం దగ్గరికి వెళ్లిపోతాడు.

"నిజం" అంది నివెస్.

అతను తల ఊపాడు. అడాల్జీసా వైపు తిరిగాడు.

"మీకు తెలుసా సిన్యోరా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చూపించినప్పుడు చూశాను."

"మా అమ్మ మీ దగ్గరికి వచ్చి ఏడ్చేది."

"వచ్చేది."

ఒట్టోరీనో టోపీ అంచు వేళ్లతో చుట్టూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ పెద్ద చేతులు చూడలేక నివెస్ ఏడుస్తూ, "అయిపోయింది ఒట్టోరీనో, నాన్న చచ్చిపోయాడు. ఇంక నేను ఫైనా వెయ్యను. ఇక్కడితో కథ అయిపోయింది" అంది.

"నువ్వు బాగానే వేశావు నివెస్" అన్నాడతను లేస్తూ, ఎప్పటిలాగే మెత్తగా. "కానీ అయిపోయిందో లేదో నువ్వు చెప్పేది కాదు."

తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. అతని అడుగులు మెట్లు దిగలేదు. వసారా వెంట జైరా తలుపు దాకా వెళ్లి ఆగాయి, తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తరువాత పై అంతస్తులో ఒక తలుపు, ఎదుటి వైపు ఒకటి. జనం వసారాల్లోకి వస్తున్నారు, ఎవరూ మాట్లాడడం లేదు. నివెస్ ఒక్క ఉదుటున లేచి గడియ మీద చెయ్యి వేసింది.

"పెట్టకు" అంది అడాల్జీసా. తడిచేతులు తుడుచుకుని, తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. "ఇన్నేళ్లు పెట్టుకున్నాను, చాలు. తియ్యి."

నివెస్ తలుపు తీసింది.